అసలును కోసి కొసరుగా అమ్ముతున్నారా?

సైన్స్ ఫిక్షన్ సినిమాల మీద వచ్చే గేముల గురించి ఎక్కడ మాట మొదలైనా డీఎల్‌సీల (డౌన్‌లోడబుల్ కంటెంట్, అంటే గేముకి తోడుగా నెట్‌లోంచి విడిగా దించుకునే అదనపు భాగాల) మీద ఒక వాదన వచ్చి పడుతుంది. రకరకాల మాటల్లో తిరుగుతున్నా దాని సారం ఇదీ: "డీఎల్‌సీ అంటే పూర్తయిన గేములోంచి ముక్క కోసి మళ్లీ మనకే అమ్మడం. అది డిస్క్‌లోనే ఉంటుంది, మనం కొనేది తాళంచెవి మాత్రమే. సినిమా పేరు చూపించి డబ్బు గుంజడమే తప్ప అందులో పనేమీ ఉండదు. పాత రోజుల్లో ఈ దోపిడీ లేదు. డీఎల్‌సీలు ఎత్తేస్తే గేములు బాగుపడతాయి." ఈ వాదన చేసేవాళ్లు 'ఏలియన్: ఐసోలేషన్' అనే గేముని సాక్ష్యానికి పిలుస్తుంటారు. 2014లో దాని ప్రీ-ఆర్డర్ డీఎల్‌సీ (విడుదలకి ముందే గేముకి డబ్బు కట్టినవాళ్లకి ఇచ్చేది) మీద పెద్ద గోలే జరిగింది మరి.

డబ్బు పెట్టి కొన్నవాడి కోపాన్ని కాదనను. కానీ ఈ ఐదు వాక్యాల్లో ఒక్కటి కూడా ఉన్నదున్నట్టు నిలబడదు. పైగా ఈ వాదన తప్పు చేసినవాణ్ని వదిలేసి పక్కవాణ్ని పట్టుకుంటోంది.

"పూర్తయిన గేములోంచి కోసిన ముక్క"

సాక్షిగా పిలిచారు కాబట్టి ఐసోలేషన్‌తోనే మొదలుపెడదాం. ఇంగ్లండ్‌లోని క్రియేటివ్ అసెంబ్లీ దాన్ని తయారుచేసింది, సెగా 2014 అక్టోబర్ 7న విడుదల చేసింది. కథ 2137లో నడుస్తుంది. 1979 నాటి 'ఏలియన్' సినిమాలో నాస్ట్రోమో ఓడ మీద పనిచేసిన ఎలెన్ రిప్లీకి అమాండా అని ఒక కూతురు. తల్లి జాడ తెలియకుండా పోయిన 15 ఏళ్లకు ఆ ఓడ ఫ్లైట్ రికార్డర్ దొరికిందని కబురొస్తే, అది ఉంచిన సెవాస్తపోల్ అనే అంతరిక్ష కేంద్రానికి అమాండా బయల్దేరుతుంది. దాదాపు గేమంతా ఆమెగానే ఆడతాం.

గొడవంతా 'క్రూ ఎక్స్‌పెండబుల్', 'లాస్ట్ సర్వైవర్' అనే రెండు డీఎల్‌సీల గురించి. అవి 15 ఏళ్లు వెనక్కి, నేరుగా నాస్ట్రోమోలోకి తీసుకెళ్తాయి. మొదటిది ఆ ఓడ సిబ్బందిలో బ్రెట్ అనేవాడు ఏలియన్ చేతిలో చచ్చిపోయిన వెంటనే మొదలవుతుంది. డాలస్, పార్కర్, రిప్లీ ముగ్గురిలో ఒకరిని ఎంచుకుని, గాలి గొట్టాలు మూసుకుంటూ ఆ ప్రాణిని ఎయిర్‌లాక్ వైపు తోలాలి. రెండోదాంట్లో రిప్లీ ఒక్కతే మిగిలింది. ఓడ పేలిపోయేలా ఏర్పాటు చేసి, నార్సిసస్ అనే చిన్న షటిల్ దాకా ప్రాణాలతో చేరాలి. ఒక్కోటీ అరగంటకు అటూఇటూ.

ఇప్పుడు చెప్పండి, వీటిని అమాండా కథలో ఏ చోటి నుంచి కోశారు? తల్లికి ఏమైందో అమాండాకి తెలియకపోవడమే ఆ గేముకి ఊపిరి. కూతురు వెతుక్కుంటూ తిరుగుతుంటే మధ్యలో మనకి తల్లి తప్పించుకున్న తీరు చూపించేస్తే, ఆ వెతుకులాటలో టెన్షన్ ఏం మిగులుతుంది? కోత జరిగిన చోట గాటు కనబడాలి. ఐసోలేషన్ మొదలు నుంచి చివరి దాకా ఆడండి, ఆ గాటు కనబడదు.

ఇంకో తమాషా ఉంది. ఐసోలేషన్ విడుదలైనప్పుడు సమీక్షకులు పెట్టిన పెద్ద వంక, గేము తక్కువైందని కాదు, మరీ సాగిందని. మామూలుగా ఆడేవాడికి 18 నుంచి 20 గంటలు పడుతుంది. చివర్లో 'హమ్మయ్య, అయిపోయింది' అనుకున్న ప్రతిసారీ ఇంకో పని తగులుతుంది. కోసి అమ్ముకునే బుద్ధే ఉంటే ఆ ఆఖరి గంటల్లోంచే రెండు డీఎల్‌సీలు తీయొచ్చు. నామటుకు నేను సంతోషించేవాణ్ని కూడా.

మిగతా ఐదు డీఎల్‌సీలు (కార్పొరేట్ లాక్‌డౌన్, ట్రామా, సేఫ్ హేవెన్, లాస్ట్ కాంటాక్ట్, ది ట్రిగ్గర్) కథకి బయట విడిగా ఆడే సర్వైవర్ మోడ్ కోసం వచ్చినవి. స్కోరు తెచ్చుకుని లీడర్‌బోర్డ్ ఎక్కాలి. ఊపిరి బిగబట్టి బల్ల కింద నక్కాల్సిన గేములో స్కోరు గొడవేమిటో నాకు ఎప్పుడూ ఎక్కలేదు. కానీ నాకు నచ్చకపోవడం వేరు, అసలు కథలోంచి కోయడం వేరు.

'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్' సంగతి ఇంకా తేలిక. గేము 2015 నవంబర్‌లో వచ్చింది. దాని చివరి డీఎల్‌సీ స్కారిఫ్ అనే గ్రహం మీద జరుగుతుంది. ఆ గ్రహం 'రోగ్ వన్' సినిమాలోది, ఆ సినిమా 2016 డిసెంబర్‌లో విడుదలైంది. ఏడాది తర్వాత వచ్చిన సినిమాలోని గ్రహాన్ని ఏడాది ముందు వచ్చిన గేములోంచి కోశారంటే, అది కూడా సైన్స్ ఫిక్షనే అవుతుంది.

ఈ ఆరోపణకి దగ్గరగా వచ్చే గేము ఒకటుంది, దాన్ని దాచను. 2013 ఫిబ్రవరిలో గేర్‌బాక్స్ నుంచి వచ్చిన 'ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్'. ఏలియన్ మూడో సినిమాలో పోయినట్టు చూపించిన హిక్స్ అనే సైనికుడు ఇందులో బతికొస్తాడు. ఎలా బతికాడని అడిగితే, అదో పెద్ద కథ అన్నట్టు దాటేస్తారు. ఆ పెద్ద కథ అదే ఏడాది జూలైలో 'స్టేసిస్ ఇంటరప్టెడ్' అనే డీఎల్‌సీగా అమ్మకానికి వచ్చింది. ముడి అసలు గేములో వేసి, విప్పడానికి వేరే డబ్బు అడగడం ఇది. దీన్ని తిడితే నేనూ గొంతు కలుపుతాను. అయితే ఈ ఒక్కదాన్ని పట్టుకుని సినిమా గేముల డీఎల్‌సీలన్నీ ఇంతే అనడం కుదరదు. 2025లో వచ్చిన 'రోబోకాప్: రోగ్ సిటీ – అన్‌ఫినిష్డ్ బిజినెస్' అయితే అసలు గేము కొనకపోయినా దానంతటదే నడుస్తుంది.

"డిస్క్‌లోనే ఉంటుంది"

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. 2012లో క్యాప్‌కామ్ కంపెనీ 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' డిస్క్‌లో 12 పాత్రల్ని పెట్టి తాళం వేసి, తర్వాత డబ్బులకు తెరిచింది. అదే ఏడాది 'మాస్ ఎఫెక్ట్ 3'లో జావిక్ పాత్రకి సంబంధించిన ఫైళ్లు కొన్ని డిస్క్‌లో దొరికాయి. అతను వచ్చే మిషన్‌ని మాత్రం విడుదల రోజే విడిగా అమ్మారు. రెండూ సినిమా గేములు కావు. ఆ కోపం అక్కణ్నుంచి నడిచొచ్చి ఇక్కడ కూర్చుంది.

ఫైలు కనబడినంత మాత్రాన దొంగతనం రుజువైనట్టు కాదు. ఆన్‌లైన్ గేములో మీ ఎదుటివాడు కొన్న కొత్త ఆయుధం మీ తెర మీద కనబడాలంటే, మీరు కొనకపోయినా దాని బొమ్మ మీ కంప్యూటర్‌లోనో కన్సోల్‌లోనో ఉండాలి. ఇక కన్సోల్ గేముని సోనీకో మైక్రోసాఫ్ట్‌కో పరీక్షకు పంపాక, డిస్కులు అచ్చయి షాపుల్లోకి చేరేదాకా వారాలు పడుతుంది. బొమ్మలు గీసేవాళ్ల పని, లెవెళ్లు కట్టేవాళ్ల పని అంతకంటే ముందే అయిపోతుంది. ఆ ఖాళీలో వాళ్లు డీఎల్‌సీ మీద కూర్చుంటారు. అందుకే విడుదల రోజునే డీఎల్‌సీ సిద్ధంగా ఉండటం వింతేం కాదు. దానికి ఎంత ధర పెట్టారు, ఎవరికి ఇచ్చారు అన్నది అడగాల్సిన ప్రశ్న.

"పేరు తప్ప పనేమీ ఉండదు"

ఇది చదివినప్పుడే నాకు నిజంగా ఒళ్లు మండింది.

ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ తన దగ్గరున్న 'ఏలియన్' తయారీ సామగ్రిని క్రియేటివ్ అసెంబ్లీకి ఇచ్చింది. సెట్ల ఫొటోలు, డ్రాయింగులు, దుస్తుల వివరాలు వగైరా మొత్తం 3 టెరాబైట్లు. ఆ బృందం తమకు తామే ఒక కట్టుబాటు పెట్టుకుంది: 1979లో ఆ సెట్ మీద పెట్టలేని వస్తువు గేములో ఉండకూడదు. అందుకే కంప్యూటర్లకి లావుపాటి గాజు తెరలు, ఆకుపచ్చ అక్షరాలు, టకటకలాడే మీటలు. ఆ తెరల మీద గీతలు, వణుకు సాఫ్ట్‌వేర్‌తో తెస్తే నకిలీగా ఉంటుందని, బొమ్మల్ని నిజంగానే వీహెచ్ఎస్ టేపు మీద రికార్డు చేశారు. ఆ టేపుని పాత టీవీలో వేసి, పక్కన అయస్కాంతం తిప్పి, బొమ్మ చెదిరిపోతుంటే మళ్లీ తీసి గేములో పెట్టారు. నాస్ట్రోమో డీఎల్‌సీలు ఆడేటప్పుడు మనం నడిచేది ఆ పనితనం మీదే.

గొంతుల సంగతి సరే సరి. సిగోర్నీ వీవర్, టామ్ స్కెరిట్, వెరోనికా కార్ట్‌రైట్, హ్యారీ డీన్ స్టాంటన్, యాఫెట్ కొటో, సినిమా వచ్చిన 35 ఏళ్లకు తిరిగొచ్చి తమ పాత్రలకు తామే గొంతిచ్చారు. యాష్ పాత్రకి సినిమాలో ఆ వేషం వేసిన ఇయాన్ హోమ్ ముఖం ఉంది, గొంతు మాత్రం వేరే నటుడిది. స్టాంటన్ 2017లో, కొటో 2021లో కన్నుమూశారు. ఆ బృందాన్ని ఇక ఎవరూ, ఎంత డబ్బు పెట్టినా, మళ్లీ స్టూడియోలో నిలబెట్టలేరు. అరగంట డీఎల్‌సీకి ఆ ధర ఎక్కువా అని అడగండి, వాదించుకుందాం. పని లేదని మాత్రం అనకండి.

"పాత రోజుల్లో ఈ దోపిడీ లేదు"

పాత రోజులంటే ఏవి? 1993లో 'స్టార్ వార్స్: ఎక్స్-వింగ్' వచ్చింది. అదే ఏడాది 'ఇంపీరియల్ పర్స్యూట్', 'బి-వింగ్' అని రెండు ఎక్స్‌పాన్షన్లు (గేముకి తోడుగా ఆడే అదనపు భాగాలు) అమ్మారు. 'జెడై నైట్'కి 1998లో 'మిస్టరీస్ ఆఫ్ ద సిత్', 'ఏలియన్స్ వర్సెస్ ప్రెడేటర్ 2'కి 2002లో 'ప్రైమల్ హంట్'. అవన్నీ అట్టపెట్టెల్లో షాపుల్లో దొరికేవి, ఇప్పుడు నెట్‌లోంచి దిగుతున్నాయి.

డీఎల్‌సీ ఊసే లేని కాలానికి వెళ్తామంటారా? 1982లో అటారీ 'ఈ.టీ.' గేముని క్రిస్మస్‌కి అందించాలని ఒకే ప్రోగ్రామర్‌తో దాదాపు ఐదు వారాల్లో చేయించింది. కోత లేదు, కొసరు లేదు, మొత్తం ఒకే కార్ట్రిడ్జ్‌లో. అమ్ముడుపోని సరుకులో కొంత న్యూమెక్సికో ఎడారిలో పాతిపెట్టారు, 2014లో తవ్వి తీశారు.

"డీఎల్‌సీలు ఎత్తేస్తే బాగుపడతాయి"

ఎత్తేసి చూశారు. 2015 'బ్యాటిల్‌ఫ్రంట్'లో గేము 60 డాలర్లు, సీజన్ పాస్ (రాబోయే డీఎల్‌సీలన్నీ కలిపి ముందే కొనేది) 50 డాలర్లు. కొత్త మ్యాప్‌లు కొన్నవాళ్లు ఒకవైపు, కొననివాళ్లు ఒకవైపు అయిపోయి ఆడేవాళ్లు చీలిపోయారు. ఆ విమర్శ న్యాయమైనదే. అది విని ఆ గేముని విడుదల చేసిన ఈఏ కంపెనీ 2017లో 'బ్యాటిల్‌ఫ్రంట్ 2'కి సీజన్ పాస్ ఉండదని, కొత్త మ్యాప్‌లు, పాత్రలు అందరికీ ఉచితమని ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మరి ఆ డబ్బు ఎక్కణ్నుంచి రావాలి? లూట్ బాక్సుల్లోంచి. లోపల ఏముందో తెలియని పెట్టె కొనాలి, అదృష్టం ఉంటే ఆటలో బలం పెరుగుతుంది. డార్త్ వేడర్, ల్యూక్ లాంటి పేరున్న స్టార్ వార్స్ పాత్రల్ని తెరవాలంటే మొదట ఒక్కొక్కరికీ 60,000 క్రెడిట్లు (ఆటలో సంపాదించుకునే డబ్బు) పెట్టారు. పూర్తి ధర కట్టి కొన్న గేములో వేడర్ కోసం గంటలకు గంటలు ఊడిగం చేయాలన్నమాట. దాన్ని సమర్థిస్తూ ఈఏ రెడిట్‌లో రాసిన జవాబు, ఆ సైట్‌లో అత్యధిక డౌన్‌వోట్లు (నచ్చలేదనే ఓట్లు) పడ్డ కామెంట్‌గా గిన్నిస్ రికార్డుకెక్కింది. విడుదలకి ముందురోజు గేము లోపలి కొనుగోళ్లు ఆపేశారు. 2018 మార్చిలో ఆ పద్ధతి మొత్తం మార్చారు. ఆ తర్వాత 2020 ఏప్రిల్ దాకా ఉచితంగా వచ్చిన సరుకు మాత్రం నిజంగా బాగుంది. కానీ అక్కడికి చేరడానికి ఆ గేము పరువు మొత్తం పోగొట్టుకుంది.

డీఎల్‌సీకి ధర చీటీ ఉంటుంది. ఏం వస్తుందో, ఎంతో ముందే తెలుస్తుంది. నచ్చకపోతే వదిలేస్తాం. లూట్ బాక్సుకి ఆ మర్యాద కూడా లేదు.

ఇక ఈ వాదన ముట్టుకోని రెండు విషయాలున్నాయి. మొదటిది ప్రీ-ఆర్డర్. 'క్రూ ఎక్స్‌పెండబుల్' ముందే డబ్బు కట్టినవాళ్లకి, 'లాస్ట్ సర్వైవర్' అయితే కొన్ని ఎంపిక చేసిన షాపుల్లో కట్టినవాళ్లకే అని ప్రకటించారు. విడిగా అమ్మింది తర్వాతే. అంటే ఒక్క సమీక్ష కూడా రాకముందే, అభిమానుల బలహీనత మీద దెబ్బకొట్టి జేబు తెరిపించడం. అంతకు ఏడాది ముందే అదే సెగా 'కలోనియల్ మెరీన్స్'ని విడుదల చేసింది. ముందు చూపించిన వీడియోలకీ చేతికొచ్చిన గేముకీ పొంతన లేదని అమెరికాలో కోర్టు దాకా వెళ్లారు. అంత అనుభవం తర్వాత కూడా ప్రీ-ఆర్డర్ ఎర వేశారంటే, తిట్టాల్సింది దాన్ని.

రెండోది లైసెన్స్. సినిమా హక్కులు అద్దెకు తెచ్చుకున్నవి, గడువు అయిపోతే గేము దుకాణంలోంచి మాయమవుతుంది. యాక్టివిజన్ కంపెనీ 'ట్రాన్స్‌ఫార్మర్స్' గేములు 2017 చివర్లో డీఎల్‌సీలతో సహా స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలోంచి పోయాయి. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్‌ని మైక్రోసాఫ్ట్ 2024 జూలై 29న మూసేసింది. ఐసోలేషన్‌ది ఈ విషయంలో అదృష్టం. 2019లో నింటెండో స్విచ్ కన్సోల్ మీదకి, 2021లో మొబైల్ మీదకి తెచ్చిన ఫెరల్ ఇంటరాక్టివ్ ఏడు డీఎల్‌సీలనీ గేముతోనే కలిపి ఇచ్చింది. పదేళ్ల కిందట షాపు షాపుకీ పంచిన రిప్లీ ఆఖరి ఘట్టం ఇప్పుడు ఫోన్‌లో ఆడొచ్చు. 360 స్టోర్‌లో మాత్రమే మిగిలిపోయిన డీఎల్‌సీలకి ఆ దారి లేదు, డబ్బు చేతిలో పట్టుకుని నిలబడినా అమ్మేవాడు లేడు. కోసి అమ్ముతున్నారని అరిచేవాళ్లెవరూ దీని గురించి నోరెత్తరు.