టార్చి వేస్తే ఒక తంటా, ఆర్పితే ఒక తంటా

మెల్‌బోర్న్ నుంచి గ్రేట్ ఓషన్ రోడ్డు పట్టిన మనవాళ్ల కారు, సముద్రంలో నిలిచిన ట్వెల్వ్ అపాసిల్స్ రాతి స్తంభాల దగ్గర ఫొటోలు ముగించుకుని, చీకటి పడ్డాక లావర్స్ హిల్ పక్కనున్న మెల్బా గల్లీకి చేరుతుంది. ఏడాదికి 2000 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడే చల్లటి అడవి. నాచు కమ్మిన మర్టిల్ బీచ్ చెట్లు, మనిషిని మించిన ఫెర్న్‌లు. ఈ చెట్ల వంశం గోండ్వానా అనే పాతకాలపు మహాఖండం నాటిది. మన దేశమూ ఒకప్పుడు ఆ ఖండంలో ముక్కే కాబట్టి, చెట్లతో దూరపు చుట్టరికం కలుపుకోవచ్చు. జలగలు మాత్రం అంత దూరంలో ఆగవు.

వచ్చింది గ్లోవార్మ్‌ల కోసం. మిణుగురులనుకునేరు, కావు. దోమ పోలికున్న చిన్న ఈగకు పిల్లపురుగులివి. గట్టు మట్టికి జిగురు దారాలు వేలాడదీసి, నీలిపచ్చ దీపం పెట్టి, మోసపోయి వచ్చిన పురుగుల్ని తింటాయి. టార్చి పడితే దీపం తగ్గించేస్తాయి. మళ్లీ వెలగాలంటే చీకట్లో ఓపిగ్గా నిలబడాలి.

జలగకు కావలసిందీ అదే. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి పసిగట్టి తడి ఆకుల్లోంచి లేచి వస్తుంది. ఆకలి మీద దారమంత సన్నం, వదులు సాక్సు అల్లికలోంచి దూరిపోతుంది. ప్యాంటు అంచుల్ని సాక్సులోకి దోపుకోమంటే ఫొటోలో బాగోదని ఎవరూ వినరు. కరిచినా నొప్పి తెలియదు. తడి తగిలాకే తెలుస్తుంది.

బావగారికి తగిలింది. టార్చి వేశారు. గట్టంతా ఆరిపోయింది. వెనకనున్న జనం ఉసూరుమన్నారు.

"బావా, చిప్స్ ప్యాకెట్లో అడుగున ఉప్పుంటుంది, చల్లు!"

చల్లకూడదు. ఉప్పు తగిలినా, నిప్పు తగిలినా జలగ కడుపులోది పుండులోకే కక్కే ప్రమాదముంది. సన్నగా ఉన్న కొస నోరు. దాని పక్కన గోరు ఆనించి చర్మం మీదుగా పక్కకి నెట్టాలి. ఆపైన లావు కొస. మధ్యలో అది గోరునే పట్టుకుంటుంది, విదిలిస్తే మరదలి మీద పడుతుంది. ఈ రెండో భాగానికి వైద్యం లేదు. లాలాజలం గడ్డకట్టనివ్వదు కాబట్టి ఆ తర్వాత కూడా రక్తం చాలాసేపు కారుతుంది. శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి, అంతే.

"అక్కా, బావకి రక్తం ఆగట్లేదే!"

"ఆగుతుంది గానీ ముందు ఆ లైటు ఆర్పమను. అటు ఒకటి వెలుగుతోంది."

ఆర్పారు. నిలబడ్డారు. ఇంకో రెండు వెలిగాయి.

"ఒసేయ్... రెండో కాలు."

"కదలకండి!"