అనంతపురంలో అద్దె ఇల్లు: ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

అనంతపురంలో టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేవి మూడు: అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, వాకిలి ఏ దిక్కు. నీళ్ల గురించి అడిగితే "బోరుంది, కొళాయి కూడా ఉంది" అని ఓనరు చెప్తారు. అంతటితో ఆ మాట అయిపోతుంది. ఈ ఊళ్లో ఇల్లు చూసేవాళ్లు గట్టిగా ఆరా తీయాల్సింది సరిగ్గా ఆ విషయమే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. నగరానికి తాగునీరు పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ నుంచి వస్తుంది. కొళాయి వదిలే వేళలు పోను, వాడకానికంతా బోరే దిక్కు. నవంబరులో ధారగా పోసిన బోరు మే నెలలోనూ అలాగే పోస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ఓనరును అడిగి ఊరుకోకుండా పక్క పోర్షన్ వాళ్లనీ, వాచ్‌మన్‌నీ అడగండి. పోయిన ఎండాకాలం ట్యాంకర్లు తెప్పించారా? వారానికి ఎన్ని? ఆ డబ్బు మెయింటెనెన్సులోనే ఉందా, విడిగా వసూలు చేశారా? అద్దె వెయ్యి తక్కువని మురిసిపోయి చేరిన ఇంట్లో ఆ వెయ్యి ట్యాంకర్లకే పోతే మిగిలేది టెన్షనే.

ఇంకో సంగతి చాలామంది చూడరు. జిల్లాలో చాలాచోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. కొళాయి నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలిపేస్తే వంటింట్లో తిప్పే కొళాయిలో ఏ నీళ్లొస్తున్నాయో తెలియదు. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఇది తప్పకుండా తేల్చుకోవాలి. వంటింటికి మున్సిపల్ లైను విడిగా ఉన్న ఇంటికి రెండు మూడు వందలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

కరువు ఊరు కదా, వరదతో మనకేం పని అనుకునేవాళ్లు 2022 అక్టోబరును గుర్తు చేసుకోవాలి. నడిమి వంక అనే వాగు పొంగి రుద్రంపేట వైపు కాలనీలు నీళ్లలో మునిగాయి. జనం సామాన్లు వదిలేసి బయటపడ్డారు. వంకకు దగ్గరలో గ్రౌండ్ ఫ్లోరు చౌకగా దొరికితే, అప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో వీధి చివర కిరాణా కొట్టులో అడిగి తెలుసుకోండి. అలాగని వెంటనే పై అంతస్తుకు పరుగెత్తనక్కర్లేదు. నేరుగా శ్లాబు కింద ఉండే పోర్షన్‌లో మే నెల రాత్రి నిద్ర పట్టడం కష్టం. ఇల్లు చూడటానికి చల్లని పొద్దున కాకుండా మధ్యాహ్నం మూడింటికి వెళ్తే వేడి ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

కరెంటు మీటరు మీకు విడిగా ఉందా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. 2022లో వచ్చిన కరెంటు చార్జీల స్లాబులతో లెక్కేస్తే, నెలకు 120 యూనిట్ల చొప్పున వాడే రెండు కుటుంబాలకు వేర్వేరు మీటర్లుంటే యూనిట్ల చార్జీ ఇద్దరికీ కలిపి 790 రూపాయల లోపే. ఒకే మీటరయితే 240 యూనిట్లు పై స్లాబులోకి ఎక్కి సుమారు 1,150 అవుతుంది. సబ్‌మీటరు పెట్టి పంచుకున్నా ఆ అదనపు భారం తప్పదు.

ఇక కాగితం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ ప్రకారం ఇక్కడ ఎంత కాలపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అయినా చాలామంది రిజిస్ట్రేషన్ లేకుండానే పదకొండు నెలలకు రాసుకుంటారు. మన ఊళ్లో చాలాసార్లు అదీ ఉండదు. "మనలో మనకు కాగితాలెందుకమ్మా" అనే మాట మంచి మనసుతోనే వస్తుంది, కాదనను. కానీ మోటారు కాలిపోయినప్పుడు, బోరు ఎండినప్పుడు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో కోత పడినప్పుడు ఆ మాట అక్కరకు రాదు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెదారు బాధ్యత కాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. ట్యాంకరు ఖర్చు ఎవరిది, రిపేర్లు ఎవరివి, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అనే మూడు వాక్యాలు అగ్రిమెంటులో ఉండి తీరాలి. చేరిన రోజు మీటరు రీడింగు ఇద్దరూ కలిసి రాసుకుంటే ఓనరుకీ భద్రత. బిల్లు ఎగ్గొట్టి వెళ్లిపోయే అద్దెదారులు లేరని నేనూ అనను.

ఇన్ని జాగ్రత్తలూ చెప్పాక ఒక బాధ మిగిలే ఉంది. జేఎన్‌టీయూ, ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) చదువుల కోసం, ఉద్యోగాల కోసం వచ్చే పిల్లలకు ఎంత తెలివిగా వెతికినా గుమ్మం దగ్గరే "మీరేమిట్లు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. అద్దె సరిగ్గా కట్టగలడా, ఇల్లు శుభ్రంగా ఉంచుతాడా అని అడగండి, అది మీ హక్కు. కులం అడిగి తలుపు వేయడం అన్యాయం. ఇలా తలుపులు మూసుకుపోవడం వల్లే ఆ పిల్లలు నీళ్లులేని గదులకూ, వంక పక్క ఇళ్లకూ ఎక్కువ అద్దె కట్టి చేరుతున్నారు.

అపార్టుమెంటు అసోసియేషన్లు ఈ వేసవి నుంచే ఒక పని మొదలుపెట్టవచ్చు. ఏ నెలలో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో, ఎంత ఖర్చయిందో నోటీసు బోర్డు మీద రాసి, ఏడాది పొడవునా అలాగే ఉంచాలి. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు అది చదువుకుని అద్దె మాట్లాడుకుంటారు.