వయసు అనే మహారోగం

వైద్యులు తరతరాలుగా వెతుకుతున్న సర్వరోగ నిర్ధారణ మా పేట క్లినిక్‌లో దొరికింది. దానికి రక్తపరీక్ష అక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు. గుమ్మంలోకి రాగానే జుట్టు రంగు చూస్తే చాలు. ఆ రోగం పేరు వయసు.

పోయిన నెల మా పెద్దమ్మను తీసుకెళ్లాను. పెదనాన్న పోయి తొమ్మిది నెలలయింది. ఆవిడ తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటోంది, అన్నం కెలికి వదిలేస్తోంది. డాక్టరు గారు నావైపు తిరిగి, "నిద్ర పడుతోందా?" అన్నారు.

"బాగానే పడుతోందండీ."

"మీకు కాదు, ఆవిడకు."

ఆవిడ పక్క కుర్చీలోనే ఉంది. చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. కానీ ముసలివాళ్ల ఒంటి సంగతి ముసలివాళ్లను అడగడం మర్యాద కాదు కాబట్టి, ప్రశ్నను నేను పెద్దమ్మకు అందించి, ఆవిడ జవాబును తెలుగులోంచి తెలుగులోకి అనువదించి డాక్టరు గారికి సమర్పించాను. ఆకలి, విరేచనం, మోకాళ్లు, అన్నీ ఇదే దారిలో సాగాయి. చివర్లో ఆవిడ, "ఇంకా ఎందుకు బతికున్నానో తెలియడం లేదు నాయనా" అంది. ఈ ఒక్క మాటా నా అనువాదం లేకుండానే ఆయన చెవిన పడింది. "ఈ వయసులో అంతేనమ్మా" అంటూ గ్యాస్ మాత్ర, బి-కాంప్లెక్స్, కాల్షియం రాసిచ్చారు. బీపీ పట్టీ చుట్టి విప్పడంతో కలిపి నాలుగు నిమిషాలు.

పాపం అమెరికా వాళ్లకు ఈ సులువు తెలియలేదు. ఇంపాక్ట్ అనే అధ్యయనంలో అరవై, ఆపై వయసున్న 1,801 మంది డిప్రెషన్ రోగులను 18 ప్రాథమిక వైద్య క్లినిక్‌లలో ఏడాది పాటు గమనించారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతావారికి అదే క్లినిక్‌లో ఒక నర్సో సైకాలజిస్టో తోడు. పలకరించడం, ఫోన్ చేసి కనుక్కోవడం, మందు పనిచేయకపోతే డాక్టరుతో మాట్లాడి మార్పించడం వాళ్ల పని. ఏడాది తిరిగేసరికి లక్షణాలు కనీసం సగానికి తగ్గినవారు మామూలు వైద్యంలో 19 శాతం, తోడున్నవారిలో 45 శాతం. ఇది 2002లోనే అచ్చయింది.

వాళ్లకు డబ్బుందంటారా? గోవాలో మానసిక వైద్యం చదవని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ అంచున ఉన్న పెద్దవాళ్లతో మాట్లాడించారు. ఏడాదిలో అందులోకి జారినవారు 4.4 శాతం. ఆ మాటల తోడు లేనివారిలో 14.4.

పెద్దవాళ్లలో డిప్రెషన్‌ను పసిగట్టడానికి, అవునా కాదా అని చెబితే సరిపోయే పదిహేను ప్రశ్నల పట్టిక ఉందయ్యా! ఆవిడ మోకాలు పట్టుకుంటే అదే వయసుకు ఎక్స్‌రే రాస్తారు, ఆపరేషన్ తేదీ కూడా ఇస్తారు. ఎందుకు బతికున్నానని అడిగితే మాత్రం కలం క్షణమైనా ఆగదు. మోకాలికి బిల్లుంది, దుఃఖానికి లేదు. అంతేగా తేడా?

పెద్దమ్మ మాత్రలన్నీ ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి పెట్టుకుంది. రోజూ మూడింటికి లేచి, పరగడుపున గ్యాస్ మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటోంది.