ఎసెక్స్ ఉంగరం కథ నమ్మేలా లేదు

ఆ పోస్టు మళ్ళీ తిరుగుతోంది. ఇంగ్లండ్‌ని ఏలిన మొదటి ఎలిజబెత్ మహారాణి తన ప్రియుడు ఎర్ల్ ఆఫ్ ఎసెక్స్‌కి ఉంగరం ఇచ్చి, ఎప్పుడు ఆపదొచ్చినా ఇది పంపితే క్షమిస్తానందట. మరణశిక్ష పడ్డాక అతను పంపిస్తే నాటింగ్‌హామ్ కౌంటెస్ దాచేసిందట, చనిపోయేముందు ఆవిడ నిజం చెప్పేసరికి రాణి ఆ దిగులుతోనే పోయిందట. కింద గులాబీల మధ్య చెట్టుకి ఆనుకుని నిలబడ్డ కుర్రాడి బొమ్మ, ‘ఓటమి ఎరగని వీరుడు’ అని క్యాప్షన్. శకుంతల ఉంగరం విన్నవాళ్ళం కదా, మనకి ఇట్టే ఎక్కేస్తుంది.

ముందు ఉంగరం సంగతి. ఎసెక్స్‌ని, అంటే అసలు పేరు రాబర్ట్ డెవరూని, విచారించింది 1601 ఫిబ్రవరి 19న, తల నరికింది 25న. అప్పటివాళ్ళు రాసినవాటిలో ఉంగరం ఊసే లేదు, కథ మొత్తంగా అచ్చులో కనబడేది 1680 ప్రాంతంలో. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చిలో ఉంగరం ఉందిగా అంటారు. ఉంది, రాణి ముఖం చెక్కిన రాయితో సహా. కానీ ఉంగరం ఉంటే కథ నిజమైపోతుందా? కౌంటెస్ 1603 ఫిబ్రవరిలో పోయింది, రాణి మార్చి 24న పోయింది, మధ్యలో బాగా కుంగిపోయిన మాటా నిజమే. అయితే ఆ కౌంటెస్ సొంత తమ్ముడు రాబర్ట్ కేరీ ఆఖరి రోజుల్లో రాణిని చూడటానికి వెళ్ళాడు. మాటల మధ్యలో నలభై యాభై సార్లు నిట్టూర్చిందని, అంతకుముందు స్కాట్‌ల రాణి మేరీ తల తీసినప్పుడు తప్ప ఆమె నిట్టూర్చగా తను చూడనే లేదని రాసుకున్నాడు. అంటే ఎసెక్స్ పోయినప్పుడు కూడా చూడలేదన్నమాటే కదా!

ప్రియుడు అనడానికీ ఆధారం లేదు. ఆమె అతనికన్నా 32 ఏళ్ళు పెద్ద. కొలువులో ముద్దు చేసిన మనిషి, అంతవరకే.

బొమ్మ నికొలస్ హిలియర్డ్ వేసిన అరచేతిలో పట్టే మినియేచర్, లండన్ వీ అండ్ ఏ మ్యూజియంలో ఉంది. వాళ్ళే ‘బహుశా ఎసెక్స్’ అంటారు. స్పెయిన్ రేవుపట్నం కాడిజ్ మీద దాడి తర్వాత మార్కస్ గీరార్ట్స్ వేసిన పటాల్లో మటుకు సందేహం లేదు, పలకలా కత్తిరించిన ఎర్రటి గడ్డంతో ఇట్టే దొరికిపోతాడు.

ఇక ఓటమి ఎరగకపోవడం. 1596లో కాడిజ్ పట్టుకున్న మాట నిజం, కానీ ఇంకో సేనాని ఉన్నాడు, లార్డ్ అడ్మిరల్ హోవర్డ్. కౌంటెస్ మొగుడు ఈయనే! వీళ్ళ సైన్యం ఊరు దోచుకుంటుంటే స్పెయిన్‌వాళ్ళు సరుకుతో ఉన్న తమ ఓడల్ని తామే తగలబెట్టేశారు. మరుసటి ఏడు అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర స్పెయిన్‌కి ధనం తెచ్చే నౌకలు తప్పించుకున్నాయి. 1599లో 16 వేలకు పైగా సైన్యంతో ఐర్లండ్ వెళ్ళి, తిరుగుబాటుదారు హ్యూ ఓనీల్‌తో ఏటి రేవు దగ్గర మాట్లాడి సంధి చేసుకుని, అనుమతి లేకుండా వచ్చేసి, సెప్టెంబర్ 28 పొద్దున్నే బురద బట్టలతో రాణి పడకగదిలోకి దూరాడు. ఆమె ఇంకా విగ్గు కూడా పెట్టుకోలేదు.

దాంతో పదవులు ఊడాయి. 1600లో తీపి వైన్ల మీద సుంకం వసూలు చేసుకునే హక్కు రాణి పొడిగించలేదు, అప్పులేమో కొండలా ఉన్నాయి. 1601 ఫిబ్రవరి 8న కొన్ని వందల మందిని వెంటేసుకుని లండన్ వీధుల్లోకి వచ్చాడు, ఊళ్ళోవాళ్ళెవరూ కలవలేదు, ఆ రాత్రికే లొంగిపోయాడు. తల తీసింది ఆ రాజద్రోహానికి.