మూడో డోసు తర్వాత ఆ ఒక్క పరీక్ష

హెపటైటిస్‌ బి టీకా మూడు డోసులూ వేయించుకుంటే ఇక భయం లేదని ఒక వ్యాసంలో రాశారు. చాలామందికి అది నిజమే, వాళ్లకు పరీక్ష కూడా అక్కర్లేదు. కానీ మా లాంటి వాళ్ల సంగతి కూడా రాయాల్సింది. నేను డయాలసిస్‌ వార్డులో స్టాఫ్‌ నర్సుని. 0, 1, 6 నెలల లెక్కన మూడూ పూర్తిచేశాను. రెండేళ్లకు, రోగికి వాడిన సూది వేలికి గుచ్చుకుంది. అప్పుడు రక్తపరీక్ష చేయించి చూస్తే నా యాంటీ హెచ్‌బీఎస్‌ (టీకా వల్ల ఒంట్లో తయారయ్యే రక్షణ యాంటీబాడీల స్థాయి) 10 కూడా లేదు! ఆ రాత్రి కునుకు పడితే ఒట్టు. రోగికి వైరస్‌ లేదని తేలాకే ఊపిరి పీల్చుకున్నాను.

ఈ పరీక్ష చివరి డోసు వేసిన ఒకటి రెండు నెలల్లోనే చేయించాలి. అప్పుడు 10 లేదా అంతకు మించి ఉంటే రక్షణ వచ్చినట్టే, తర్వాత అంకె తగ్గినా మామూలుగా ఫరవాలేదు. నాలా ఆలస్యంగా చేయిస్తే అసలు రాలేదా, వచ్చి తగ్గిందా తెలియదు. మళ్లీ మూడు డోసులు వేయించుకున్నాక గానీ నాకు అంకె పెరగలేదు.

ఇంకో మాట. ల్యాబులో "హెపటైటిస్‌ బి టెస్ట్‌" అని మాత్రమే అడిగితే జబ్బు ఉందో లేదో చూసే హెచ్‌బీఎస్‌ఏజీ చేసి పంపేస్తారు. అది నెగెటివ్‌ వస్తే రక్షణ ఉన్నట్టు కాదు. యాంటీ హెచ్‌బీఎస్‌ టైటర్‌ అని చీటీలో రాయించుకోండి. రెండో డోసు దగ్గర ఆగిపోయినవాళ్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు, మిగిలింది వేయించుకుంటే చాలు.