తప్పిపోయిన నల్లకోటు పెద్దాయన

లండన్‌లో ఉండే మా తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి ఐస్‌లాండ్ బయల్దేరాం. గుంటూరు నుంచి వచ్చి ఉన్న పెద్దనాన్నగారినీ తీసుకెళ్లాం. ఆయన మాతో రావడం కాదు, మేమే ఆయన వెంట వెళ్తున్నట్టు ఉంటుంది ఎప్పుడూ.

మొదట థింగ్‌వెట్లిర్. 930లో ఆ దేశపు పార్లమెంటు మొదలైంది అక్కడే, ఆరుబయట. ఉత్తర అమెరికా, యురేసియా భూఫలకాలు ఏడాదికి రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్న చోటు కూడా అదే. పెద్దనాన్న ఆ చీలికని అటూ ఇటూ చూసి పెదవి విరిచారు. "రెండేనా? మా పక్క చేనువాడి గట్టు ఏటా ఇంతకంటే ఎక్కువే జరుగుతుంది."

ఆయన ఏమన్నారని గైడ్ అడిగాడు. చాలా బాగుందంటున్నారని చెప్పాం.

తర్వాత స్ట్రోక్కర్. వేడినీటి బుగ్గ. ఆరు నుంచి పది నిమిషాలకోసారి పేలుతుంది, నీళ్లు మామూలుగా 15, 20 మీటర్లు ఎగురుతాయి. పేలే ముందు నీలంగా ఓ బుడగ ఉబ్బుతుంది; చూడాల్సింది దాన్నే. మాకు ఆ భాగ్యం లేదు, ఎందుకంటే గ్రూప్ ఫోటో కోసం అందరం దానికి వీపు పెట్టి నిలబడ్డాం. అది పేలినప్పుడల్లా ఒక పిల్లాడు ముక్కు మూసుకుని "కుళ్ళిన గుడ్డు వాసన" అంటాడు, వాళ్లమ్మ అటు తిరుగుతుంది, ఫోటో పోతుంది. మళ్లీ నిలబడు. చివరికి అందరూ బుద్ధిగా నవ్విన క్షణంలోనే గాలి మావైపు తిరిగింది. పడేటప్పుడు నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. ఆ తర్వాత గాలి తగిలింది చూడండి, పళ్లు టకటకమన్నాయి.

బస్సులోకి పరిగెత్తి ఎవరికి దొరికింది వాళ్లు తొడుక్కున్నాం. పెద్దనాన్న తడిసిన నల్లకోటు విప్పేసి, మా అబ్బాయి పసుపుపచ్చ రెయిన్‌కోటు, పెద్దమ్మ గులాబీ శాలువా చుట్టుకున్నారు. గైడ్ ఎవరెవరు వచ్చారో కోట్లని బట్టి పోల్చుకుంటూ తలలు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువ. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ అంతే.

"నల్లకోటు పెద్దాయన కనబడట్లేదు," అన్నాడు.

బస్సంతా టెన్షన్. అందరికంటే ముందు కిందికి దూకింది పెద్దనాన్నే. "పాపం, పెద్దవాడు, చలి, భాష రాదు!" అంటూ గైడ్ పక్కన తలుపు దగ్గర నిలబడి ఆయనా లోపలివాళ్లని లెక్కపెట్టడం మొదలుపెట్టారు, అచ్చం పరమానందయ్య శిష్యుల్లాగా. పెద్దమ్మకి ఇదేమీ పట్టలేదు; హీటర్ వేడి తగలగానే నిద్రపోయింది. పెద్దనాన్న వేడినీటి బుగ్గ దాకా వెళ్లి, దుకాణంలో చూసి, టాయిలెట్ల దగ్గర "ఏవండీ!" అని కేకలు కూడా వేసొచ్చారు. ఈలోగా గుల్‌ఫాస్ జలపాతానికి ఉంచుకున్న టైం సగం అయిపోయింది.

చలికి తట్టుకోలేక ఆయన వచ్చి సీట్లో కూర్చున్నారు. గైడ్ ఇంకోసారి లెక్కపెట్టాడు. సరిపోయింది. ఆ పసుపుపచ్చ కోటు వైపు కాసేపు చూసి, మైకు తీసుకున్నాడు. 2012లో ఎల్డ్‌గ్యౌ లోయ దగ్గర ఒక టూరిస్టు బట్టలు మార్చుకుని వస్తే తోటివాళ్లు గుర్తుపట్టక, ఒకామె తప్పిపోయిందని గాలింపు మొదలుపెట్టారట. ఆమె కూడా వాళ్లతో కలిసి తనని తనే వెతికిందట.

నేను తెలుగులో చెప్పగానే పెద్దనాన్న పొట్ట పట్టుకుని నవ్వారు. "తనని తను వెతుక్కోవడం ఏమిట్రా, విడ్డూరం కాకపోతే! అది సరే గానీ, ఇంతకీ ఆ నల్లకోటాయన దొరికాడా?"