మూడో నంబర్ చొక్కా నేను తియ్యను

నిన్న సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో బిల్లు కడుతున్నా. వెనక లైన్లో ఒక కుర్రాడు, మన తెలుగబ్బాయే, ఒంటి మీద మన టెక్సస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆటగాడు ఆర్చ్ మ్యానింగ్ పదహారో నంబర్ చొక్కా. నాది అతనికి ముందు ఆడిన క్విన్ యూయర్స్ మూడో నంబర్. నన్ను కిందికీ పైకీ చూసి "అన్నా, ఇంకా క్విన్ చొక్కాయేనా? వాడి వల్ల మూడేళ్లు వేస్టయ్యాయి కదా మనకి. పదహారు కొనుక్కోండన్నా" అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. కరివేపాకు కట్టా పెరుగు డబ్బా చేతిలో పెట్టుకుని అక్కడ గొడవేం పడతాం, వచ్చేశాను. కానీ ఇంటికొచ్చి అన్నం తిన్నా కోపం దిగలేదు. ఇక్కడ చాలామంది లాంగ్‌హార్న్ (మన టెక్సస్ టీమ్ పేరు) అభిమానులున్నారు, మీకు అర్థమవుతుందని రాస్తున్నా.

మూడేళ్లు వేస్టా? క్విన్ యూయర్స్ రాకముందు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ టీమ్ ఎలా ఉండేదో ఆ తమ్ముడికి తెలుసా? 2021 సీజన్‌లో ఐదు గెలిచి ఏడు ఓడాం. సొంత ఊళ్లో, సొంత స్టేడియంలో, కేన్సస్ చేతిలో 57-56తో ఓడాం. కేన్సస్ అండీ! ఆ రాత్రి ఆస్టిన్‌లో ఆరెంజ్ చొక్కా వేసుకుని బయటికి రావడానికి మొహం చెల్లలేదు. అలాంటి టీమ్‌కి 2022లో వచ్చాడు క్విన్. అక్కడి నుంచి ఏడాదివారీ గెలుపోటములు చూడండి: 8-5, 12-2, 13-3. వరసగా రెండేళ్లు దేశం మొత్తం మీద చివరి నాలుగు టీముల్లో ఉన్నాం. స్టార్టర్‌గా, అంటే ఆట మొదలుపెట్టే క్వార్టర్‌బ్యాక్‌గా, అతను 27 గెలిచాడు, 9 ఓడాడు. వేస్ట్ అంటే ఇదా?

ఆట తెలియని ఫ్రెండ్స్ కోసం ఒక్క ముక్క. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పది యార్డులు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలిస్తారు, వాటినే డౌన్లు అంటారు. దాదాపు ప్రతిసారీ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. విసరాలో, ఇంకొకడి చేతికివ్వాలో, తనే పరిగెత్తాలో రెండు మూడు సెకన్లలో తేలిపోవాలి. ఎదురుగా నూటముప్ఫై కిలోల మనుషులు మీద పడటానికి వస్తుంటారు. అందుకే గెలిస్తే పేరంతా వాడికే, ఓడితే తిట్లన్నీ వాడికే.

2022లో అలబామా ఆస్టిన్ వచ్చిన రోజు గుర్తుందా? అప్పటికి క్విన్‌కి అది రెండో స్టార్ట్ మాత్రమే. మొదటి క్వార్టర్‌లో 12 పాసులేస్తే 9 చేరాయి, 134 యార్డులు. వాళ్ల కోచ్ నిక్ సేబన్, అతని టీమ్ నోరెళ్లబెట్టారు. అంతలో ఒకడు మీద పడి భుజం నేలకేసి కొట్టాడు, క్విన్ బయటికెళ్లిపోయాడు, మనం 20-19కి ఓడాం. నెల తిరక్కుండా తిరిగొచ్చి డాలస్‌లో ఓక్లహామాని 49-0 కొట్టాడు. ఆ స్కోరు మీద మీరంతా స్టేటస్‌లు పెట్టుకున్నారు, నాకు గుర్తుంది.

మరుసటి ఏడాది టస్కలూసా. అలబామా సొంత స్టేడియం, 34-24. 349 యార్డులు, మూడు టచ్‌డౌన్లు (బంతిని అవతలివాళ్ల గీత దాటించడం). గ్జేవియర్ వర్దీకి విసిరిన ఆ 44 యార్డుల బంతి నేను ఇప్పటికీ ఫోన్లో చూసుకుంటాను. మణికట్టు తిప్పినట్టే ఉండదు, చేయి ఊరికే ఊపినట్టుంటుంది, బంతి మాత్రం డిఫెండర్ తల దాటి సరిగ్గా పరిగెత్తేవాడి చేతుల్లో దిగుతుంది. ఆ ఏడాది బిగ్ 12 (అప్పటి మన లీగ్) ఫైనల్లో ఓక్లహామా స్టేట్ మీద 452 యార్డులు. ఇవన్నీ ఎవరు చేశారు?

సరే, అసలు విషయానికొద్దాం. క్విన్‌ని తిట్టే ప్రతివాడూ ఎత్తేది ఒకే ఒక్క ఆట. 2025 జనవరి 10, ఆర్లింగ్టన్, ఒహాయో స్టేట్‌తో జాతీయ టైటిల్ సెమీఫైనల్. వాళ్ల డిఫెండర్ జాక్ సాయర్ మీదికి దూసుకొచ్చి క్విన్ చేతిలో బంతి కొట్టేసి 83 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, 28-14కి ఓడాం. ఆ వీడియో ముక్క ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేశారో లెక్కలేదు. అందులోనూ సాయర్ ఒకప్పుడు ఒహాయో స్టేట్‌లో క్విన్ రూమ్మేట్ అని దానికో కథ తగిలించారు.

ఆ వీడియోకి ముందు జరిగింది ఒక్కరూ పెట్టరు. స్కోరు 21-14. టచ్‌డౌన్ కొడితే సమం. బంతి ఒకే ఒక్క యార్డు దూరంలో ఉంది, మనకి నాలుగు అవకాశాలున్నాయి. మొదటిది సూటిగా తోశారు, పోలేదు. రెండోదానికి ఏం చేశారు? బంతిని పక్కకి విసిరి రన్నర్‌ని అంచుకి పరిగెత్తించారు. ఒక్క యార్డు కావాల్సినచోట ఏడు యార్డులు వెనక్కొచ్చాం! ఆ ఆట పిలిచింది, అంటే ఆ ఎత్తు వెయ్యమన్నది, క్విన్ కాదు, కోచ్ స్టీవ్ సార్కీసియన్. మూడో పాస్ చేరలేదు. నాలుగోదానికి ఎనిమిది యార్డుల నుంచి, అవతలి టీమ్‌కి పాస్ తప్ప ఇంకేమీ రాదని తెలిసిపోయాక, క్విన్‌కి కాపలా కాసే ముందు లైన్ సాయర్‌ని ఆపలేకపోయాక, నేరం క్విన్‌దా? బంతి పక్కకి విసిరే ఆ ఆట పిలిచిన కోచ్‌ని మేధావి అంటారు, కింద పడ్డ కుర్రాడు పనికిరానివాడు!

ఎనిమిది నెలలు తిరక్కుండా అదే ఒహాయో స్టేట్‌తో కొలంబస్‌లో ఆడాం. ఈసారి ఆర్చ్ మ్యానింగ్. దేశంలో నంబర్ వన్ ర్యాంకుతో వెళ్లాం. మళ్లీ అదే ఒక్క యార్డు, నాలుగో డౌన్. ఆర్చ్ మధ్యలోంచి దూరబోయాడు, ఆపేశారు. 14-7కి ఓడాం. ఆ రోజు ఈ గ్రూపుల్లో ఏం రాశారు? "కుర్రాడికి టైమ్ ఇవ్వాలి", "లైన్ కొత్తది", "కోచ్ ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని తెచ్చే మూడు పాయింట్లు) కొట్టించాల్సింది". అన్నీ నిజాలే, నేను కాదనను. మరి ఆ మాటలు జనవరిలో ఎవరికీ నోట్లోంచి ఎందుకు రాలేదు?

ఇంటిపేరు. అంతే. తాత ఆర్చీ మ్యానింగ్, బాబాయిలు ఇద్దరు. పేటన్, ఈలై ఇద్దరూ చెరి రెండు సూపర్ బౌల్స్ (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్స్) గెలిచినవాళ్లు. పెద్ద హీరో కొడుకు మొదటి సినిమాకి తెల్లవారుజామున బెనిఫిట్ షో వేసినట్టు, ఆర్చ్ పూర్తి సీజన్ ఒక్కటి ఆడకముందే కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనిదే అన్నారు. క్విన్ ఎవరు? డాలస్ పక్కన సౌత్‌లేక్ కుర్రాడు. మనలో సగం మంది పిల్లలు చదువుకునే ప్రాంతం. అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో అంటే ఇదే. సొంత రాష్ట్రం పిల్లాడి జుట్టు మీద కూడా జోకులేశారు.

ఆర్చ్ మీద నాకు రవ్వంత కోపం లేదు, ఇది గట్టిగా చెబుతున్నా. ఈ రోజుల్లో బెంచీ మీద ఒక్క సీజన్ కూర్చుంటే మర్నాడే ఇంకో కాలేజీకి మారిపోతున్నారు. అతను రెండేళ్లు కూర్చున్నాడు. ఎక్కడికైనా వెళ్లి మర్నాడే స్టార్టర్ అయిపోగల పిల్లాడు, నోరు మెదపలేదు. 2024లో క్విన్ నడుం పక్క కండరం పట్టేసి బయటికెళ్తే, లోపలికొచ్చి 67 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అప్పుడు నేనూ కుర్చీలోంచి లేచాను. 2025 సీజన్‌లో ఆర్కన్సా మీద విసిరి నాలుగు, పరిగెత్తి ఒకటి, చివరికి పట్టుకుని కూడా ఒకటి, మూడు రకాల టచ్‌డౌన్లు చేశాడు. అప్పటిదాకా ఒక్కటీ ఓడని టెక్సస్ ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీని 27-17 కొట్టాడు. సీజన్ చివర ఆడే సిట్రస్ బౌల్‌లో మిషిగన్ మీద కాళ్లతోనే 155 యార్డులు తెచ్చాడు. బంతి విసరడంలో క్విన్ చేయి మెత్తన, లయ ఉంటుంది. ఆట చెడిపోయాక కాళ్లతో బతికించడంలో ఆర్చ్ నాలుగాకులు ఎక్కువే. నా కళ్లు నాకున్నాయి.

కానీ లెక్క లెక్కే కదా. క్విన్ చివరి రెండేళ్లూ ప్లేఆఫ్స్‌కి, అంటే జాతీయ టైటిల్ నాకౌట్‌కి, తీసుకెళ్లాడు. ఆర్చ్ మొదటి ఏడాది 10-3, ప్లేఆఫ్స్‌లో చోటే రాలేదు. వాళ్లిద్దర్లో వేస్ట్ ఎవరో నేను అనడం లేదు, ఎందుకంటే ఎవరూ కాదు. ఆ మాట వాడింది ఆ తమ్ముడు.

పైగా మీరు ఆర్చ్‌నైనా నిలబెట్టారా? 2025 సెప్టెంబర్‌లో టెక్సస్ ఎల్ పాసోతో ఆట, గెలుస్తున్న ఆట. 25 పాసుల్లో 11 చేరాయని సొంత జనమే బూ అన్నారు. ఆగస్టులో హైస్మన్ ఇచ్చినవాళ్లే! లక్షమంది పట్టే స్టేడియంలో, ఇరవయ్యొక్కేళ్ల పిల్లాడి మీద! 2024లో జార్జియా వచ్చినప్పుడు ఇంకా ఘోరం. హాఫ్‌టైమ్‌కి 23-0. క్విన్‌ని తీసి ఆర్చ్‌ని పంపితే స్టేడియం పండగ చేసుకుంది. అతనూ ఒక్క పాయింట్ తేలేదు, మళ్లీ క్విన్నే దింపారు. మూడో క్వార్టర్‌లో రెఫరీ మీద కోపంతో మైదానంలోకి బాటిళ్లు విసిరారు, కాన్ఫరెన్స్ (మనం ఆడే లీగ్) 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. అలాంటి చోట క్విన్ తిరిగొచ్చి 15 పాయింట్లు తెచ్చాడు. తలదించుకుని లాకర్ రూమ్‌లో కూర్చోలేదు.

నాకిది కొత్త మంట కాదు. 2001లో నేను ఇక్కడ ఎంఎస్ చేస్తున్నప్పటి నుంచీ ఉంది. ఇప్పటి పిల్లలకి అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ మేజర్ యాపిల్‌వైట్ పేరే తెలియదు. పెద్ద పొడుగు లేడు, చేతిలో అంత బలం లేదు, కానీ 1998లో మొదటి ఏడాదే నెబ్రాస్కా సొంత ఊరు లింకన్ వెళ్లి వాళ్లని ఓడించాడు. సొంతగడ్డ మీద 47 ఆటలు వరసగా గెలిచిన నెబ్రాస్కాని! అంత చేసినా 2001 వచ్చేసరికి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎందుకు? సూపర్ బౌల్ గెలిచిన ఫిల్ సిమ్స్ కొడుకు క్రిస్ సిమ్స్ వచ్చాడు కాబట్టి. బిగ్ 12 ఫైనల్లో కొలరాడో మీద సిమ్స్ బంతి మీద బంతి వాళ్లకిచ్చేస్తుంటే, అప్పుడు గుర్తొచ్చాడు మేజర్. వెనకబడ్డ ఆటని అంచుదాకా లాక్కొచ్చాడు, 39-37, రెండు పాయింట్ల తేడాతో పోయింది. మొదటినుంచీ ఆడించి ఉంటే? ఈ ప్రశ్నకి ఇరవై నాలుగేళ్లుగా నాకెవరూ జవాబు చెప్పలేదు. తర్వాత హాలిడే బౌల్‌లో ఇచ్చారు. 19 పాయింట్లు వెనకనుంచి వచ్చి వాషింగ్టన్ మీద 47-43, 473 యార్డులు. అదే అతని ఆఖరి కాలేజీ ఆట. ఆ రాత్రి మేం నలుగురం అపార్ట్‌మెంట్‌లో కార్పెట్ మీద కూర్చుని చూశాం. నా రూమ్మేట్‌కి అప్పటికి ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో కూడా తెలియదు, వాడు కూడా కళ్లు తుడుచుకున్నాడు.

అందుకే క్విన్‌ని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు అంత మండుతుంది. ఏరు దాటాక తెప్ప తగలేయడం ఈ అభిమానులకి అలవాటైపోయింది. పీచ్ బౌల్ మర్చిపోయారా? 2025 జనవరి 1, అరిజోనా స్టేట్. మన కిక్కర్ ఆఖర్లో రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాడు. ఓవర్‌టైమ్‌లో 31-24తో వెనకబడ్డాం. నాలుగో డౌన్, 13 యార్డులు కావాలి, తప్పితే ఇంటికే. ఎదురుగా అందరూ మీదికి దూసుకొస్తున్నారు. క్విన్ రెండడుగులు వెనక్కేసి, తడబడకుండా, మ్యాథ్యూ గోల్డెన్‌కి 28 యార్డుల టచ్‌డౌన్ విసిరాడు. తర్వాతి ఓవర్‌టైమ్‌లో మొదటి బంతికే గన్నర్ హెల్మ్‌కి ఇంకోటి. 39-31. ఆ రోజు క్విన్ కాళ్లు మొక్కుతామని రాసినవాళ్లు, పదిరోజులు తిరిగేసరికి అతన్ని ఊళ్లోంచి తరిమేయమన్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్ టీములు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్ దాకా, 231వ పేరుగా పిలిచేదాకా టీవీ ముందు కూర్చుంటే, "చూశారా, మేం చెప్పలేదా" అని సంబరపడ్డారు. అతను మయామి టీమ్‌కి వెళ్లి నోరు మూసుకుని పని చేసుకున్నాడు, సీజన్ చివరి వారాల్లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్టార్టర్‌గా దిగాడు. అప్పుడు మాత్రం "మా క్విన్" అంట!

2026 సెప్టెంబర్ 12న ఒహాయో స్టేట్ మళ్లీ వస్తోంది, ఈసారి ఆస్టిన్‌కి. ఆర్చ్ ఆడతాడు, నేను గొంతు పోయేదాకా అరుస్తాను. మళ్లీ ఒక్క యార్డు దూరంలో నిలబడాల్సి వస్తే కోచ్ ఏ ఆట పిలిచాడో ముందు చూడండి, తర్వాత పిల్లాణ్ణి అనండి. నాతోపాటు టికెట్లు తీసుకుంటామన్నవాళ్లకి ఒకే షరతు: మనవాళ్ల మీద బూ అనేవాళ్లు వేరే వరసలో కొనుక్కోండి.